రెండో ప్లేటు

లింగంపేటలో మంగవ్వ ఇంటి అరుగు మీద పొద్దున తొమ్మిది కొట్టేసరికి ఆరేడు చాటలు చేరేవి. చాటల్లో తునికాకు, తంబాకు, దారపు ఉండలు. బీడీలు ఎవరింట్లో వాళ్లు కూర్చుని చుట్టుకోవచ్చు. అయినా ఆ వాడకట్టు ఆడవాళ్లు చాట చంకన పెట్టుకుని అక్కడికే వచ్చేవారు. మంగవ్వ దగ్గర కూర్చుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, చెవులకు కథ దొరుకుతుంది.

ఆ కథ ఒక సినిమాది. పేరు ‘గొడుగు కింద గోపాలం’. మంగవ్వ ఆ సినిమా చూడలేదు. ఆ వాడకట్టులో చూసినవాళ్లు లేరు. ఆమె చిన్నప్పుడు ఊళ్లో పెళ్లంటే ఎల్లారెడ్డి నుంచి నారాయణ మైక్ సెట్ రావలసిందే. పందిరి గుంజకు హారన్ కట్టి నారాయణ నల్లటి పెద్ద రికార్డు ప్లేట్లు తిప్పేవాడు. కొన్నింటిలో పాటలే ఉండేవి. కొన్నింటిలో పాటలతో పాటు సినిమాలోని మాటలు కూడా వరసగా వచ్చేవి. జనం బంతిలో అన్నం తింటూ, గిన్నెలు తోముతూ, సినిమాను చెవులతోనే చూసేసేవారు. అలా పదేళ్ల వయసులో మంగవ్వకు గోపాలం కథ కంఠతా వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా ఒక్క మాట పొల్లుపోలేదు.

గోపాలం వానలో బస్సు దిగుతూ తనదే అనుకుని రాజ్యం గొడుగు పట్టుకుపోతాడు. మర్నాడు నడిబజారులో రాజ్యం అతన్ని నిలబెట్టి కడిగేస్తుంది. అద్దెగది కోసం ఊరంతా తిరిగిన గోపాలం చివరికి రాజ్యం వాళ్ల మేడ మీద గదిలోనే దిగుతాడు. పెళ్లికానివాళ్లకు గది ఇవ్వమంటే, పెళ్లయిందనీ భార్య పుట్టింట్లో ఉందనీ అబద్ధమాడతాడు. ఆ లేని భార్యకు రోజుకో సుగుణం అంటగడుతుంటే రాజ్యానికి ఆమె మీద అసూయ పుడుతుంది. సరిగ్గా ఇద్దరి మనసులూ కలిసే వేళకు జోరున వాన, తలుపు చప్పుడు, వాకిట్లో ఒక కొత్త ఆడగొంతు: “ఏవండీ, గోపాలంగారి ఇల్లు ఇదేనాండీ?”

అక్కడితో ప్లేటు అయిపోయేది. అది రెండు ప్లేట్ల సినిమా. రెండోది లింగంపేటలో ఎవరూ వినలేదు.

వచ్చినామె ఎవరన్నది అరుగు మీద తెగని పంచాయతీ. “చెల్లెలే అయి ఉంటది” అనేది ఎదురింటి నాగవ్వ. “ఏమో, నిజంగనే పెండ్లయిందేమో, మొగోళ్లను నమ్మొద్దు” అనేది ఇంకొకామె. మంగవ్వ అందరి మాటా విని, తనకు తోచిన ముగింపు తాను చెప్పేది.

ఆ కథను ఆమె వదలకపోవడానికి కారణం ఉంది. పెళ్లయిన ఏడాదికే భర్తతో భీవండి వెళ్లింది. అక్కడ అతను మరమగ్గం మీద పనిచేసేవాడు. ఒక్క గది. ఇరుగుపొరుగుది తెలియని భాష. మగ్గాల మోతలో భర్తకు వినపడాలని గోపాలం మాటలు గట్టిగా అరిచి చెప్పి నవ్వించేది. ఎనిమిదేళ్ల తరువాత అతను జ్వరంతో పోయాడు. కూతురు ఆశ్రితను వెంటబెట్టుకుని మంగవ్వ లింగంపేట తిరిగి వచ్చింది. మొదట్లో పిల్లను పడుకోబెట్టడానికి గోపాలం కథ చెప్పేది. పిల్ల నిద్రపోయాక కూడా చెబుతూనే ఉండేది.

రెండు వేల పదకొండు ఎండాకాలంలో ఎల్లారెడ్డిలో మహిళా సంఘాల సభ జరిగింది. పదకొండింటికి రావలసిన పెద్దాఫీసరు ఒంటిగంటయినా రాలేదు. టెంటు కింద ఉక్క. ఆడవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుంటున్నారు. సంఘం అధ్యక్షురాలు మైకులో బతిమాలుతుంటే నాగవ్వ లేచి, “మా మంగవ్వతోని గోపాలం కథ చెప్పిచ్చుండ్రి, ఒక్కలు కదిలితే నన్నడుగుండ్రి” అన్నది. మంగవ్వ వద్దంటుంటే నలుగురు కలిసి స్టేజీ మీదికి నెట్టారు.

మొదటి నిమిషం తన గొంతు అంత పెద్దగా వినబడటంతో ఆమెకే భయమేసింది. తరువాత గోపాలం వచ్చేశాడు. మంగవ్వ నోట ‘అండీ’లు, ‘గారూ’లు పలికాయి. ఇంటాయనైన రాజ్యం తండ్రి దగ్గు దగ్గింది, రాజ్యం లాగా ముక్కు ఎగబీల్చింది. గోపాలం తడబడే చోట తడబడింది: “రాజ్యంగారూ, నేను మీకు... నేను మీకు... నేను మీకు...” అని, నాలుకతో ‘టక్’ మని చప్పుడు చేసి, “ఆ సంగతి చెప్పనేలేదు కదండీ” అని ముగించింది. చెప్పులు వెతుక్కున్నవాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఆఫీసరు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్న సంగతి కూడా చాలామంది చూడలేదు.

కథ అయి కిందికి దిగుతుంటే మైక్ పెట్టె దగ్గర నిలబడ్డ మనిషి అడ్డం వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నలభై అయిదేళ్లుంటాయి. కళ్లలో నీళ్లున్నాయి.

“గా టక్కుమన్న సప్పుడు ఎక్కడ నేర్చుకున్నవు?” అన్నాడు.

“నేర్చుకునుడేంది? గోపాలానికి నత్తి. నత్తి తెగినప్పుడు గట్ల సప్పుడైతది.”

“నత్తి గాదు. ప్లేటు మీద గీత పడ్డది. గా గీతల ముల్లు చిక్కితే, మా బాపు మూడు సార్లు చూసి వేలుతోని కొట్టేటోడు. గది మా బాపు వేలు.”

అతను నారాయణ కొడుకు హనుమాండ్లు. తండ్రి పోయి పదమూడేళ్లయింది. తండ్రి ఫోటో ఉంది, చేతి గడియారం ఉంది. కానీ ఆ వేలి చప్పుడు ఇంకో మనిషి నోట్లో బతికి ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

మంగవ్వకు మాత్రం కోపం వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల నుంచి జాలిపడుతున్న గోపాలం నత్తిని ఎవడో వచ్చి గీత అంటే ఎట్లా? “గీత పడితే పడ్డది గానీ, మా గోపాలానికి నత్తే” అని చరచరా నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. “గా ప్లేటు ఇంకా ఉన్నదా?”

“మొదటిది ఉన్నది. రెండోది మీ ఊళ్లెనే పాడైంది. ఒక పెండ్లిల ఎవరో ఎండకు రేకు పెట్టె మీద పెట్టిన్రు. అప్పడం లెక్క ముడుచుకపోయింది. అప్పుడు నేను చిన్నగున్న. మా బాపు ఆ రోజు అన్నం తినలే.”

వారం తిరక్కుండా మంగవ్వ, నాగవ్వ ఎల్లారెడ్డి బస్సెక్కారు. హనుమాండ్లు దుకాణంలో కొత్త సామాను తక్కువ, పాత సామాను ఎక్కువ. పెళ్లిళ్లన్నీ డీజే బండ్లవాళ్లు పట్టుకుపోయారు. అతనికి మిగిలినవి సభలు, వినాయక మండపాలు, చావులకు భజనలు. పెళ్లి చేసుకోలేదా అని నాగవ్వ కడుపులో ఏదీ దాచుకోకుండా అడిగేసింది. ఒకసారి కుదిరి తప్పిపోయిందనీ, తరువాత తల్లి మంచాన పడి పదేళ్లు గడిచాయనీ, ఆమె కూడా పోయిందనీ అతను చెప్పాడు. ప్లేటు తీసి ధోవతి గుడ్డతో తుడిచి చూపించాడు. అయితే వినిపించలేకపోయాడు. ప్లేయరుకు ముల్లు అరిగిపోయి ఏళ్లయింది.

“కామారెడ్డిల అబ్రాహామన్న దగ్గర దొరకొచ్చు, అడుగుత” అన్నాడు.

తిరిగి వస్తూ బస్సులో నాగవ్వ అంది: “గమనించినవా? నన్ను పది సార్లు అక్కా అక్కా అన్నడు. నిన్ను అక్క అనలే, చెల్లె అనలే. అసలు ఏమనీ పిలువలే.”

“పిలువకపోతే పోనీ” అంది మంగవ్వ కిటికీలోంచి మక్కచేలు చూస్తూ. తాను కూడా అతన్ని అన్నా అనలేదని ఆమెకు అప్పుడే తోచింది.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో అబ్రాహాముది రేడియోలు బాగుచేసే కొట్టు. డెబ్బై ఏళ్ల మనిషి. ముల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. డిగ్రీ చదవడానికి కామారెడ్డి హాస్టల్లో ఉంటున్న ఆశ్రిత ఆదివారాలు వెళ్లి అడిగి వస్తుండేది. చివరికి ఆయనే ఎవరిదో పాత ప్లేయరు విప్పి, అందులోని ముల్లు హనుమాండ్లు ప్లేయరుకు సరిపోయేలా అమర్చాడు.

ఆ రోజు కొట్టు ముందు బల్ల మీద కూర్చుని మంగవ్వ, ఆశ్రిత, హనుమాండ్లు మొదటి ప్లేటు విన్నారు. మంగవ్వ పెదవులు ప్లేటు కంటే అర క్షణం ముందే కదులుతున్నాయి. గీత దగ్గరికి రాగానే గోపాలం ఆగిపోయాడు. నేను మీకు, నేను మీకు, నేను మీకు. హనుమాండ్లు వేలు ఎత్తాడు గానీ కొట్టలేకపోయాడు. అబ్రాహాము ఊరుకున్నాడు. గోపాలం ఏడుసార్లు, ఎనిమిదిసార్లు అన్నాడు. మంగవ్వ చెయ్యి చాపి మెల్లగా తట్టింది. టక్.

“గీతనేనా?” అన్నాడు హనుమాండ్లు, ముక్కు తుడుచుకుంటూ.

“గీతనే” అని ఒప్పుకుంది మంగవ్వ.

రెండో ప్లేటు జాడ కూడా అబ్రాహామే చెప్పాడు. నాగిరెడ్డిపేట దగ్గర, పోచారం చెరువు కింద పొలాలున్న ఒక రైతు కుటుంబంలో పెద్దాయనకు ప్లేట్ల పిచ్చి ఉండేదట. ఆయన ప్లేయరు తాను రెండుసార్లు బాగుచేశాడట. ఆయన పోయాక భార్య నర్సవ్వ ఆ గది తలుపు తియ్యడం లేదట. “అడిగి చూడుండ్రి. ఇస్తదో, కుక్కలను ఇడుస్తదో నాకు తెల్వది” అన్నాడు.

ఆ మాటకు జంకి ఏడాది గడిచింది. అడిగితే లేదంటారేమోనన్న భయం ఒకటి, ఉందంటే కథ అయిపోతుందేమోనన్న బెంగ ఒకటి. ఆ ఏడాదిలో హనుమాండ్లు లింగంపేట వైపు పని పడినప్పుడల్లా అరుగు దగ్గర ఆగి నీళ్లు తాగిపోయేవాడు. లింగంపేట వైపు అతనికి అంతకుముందు లేనన్ని పనులు పడ్డాయి.

చివరకు ఆశ్రితే కదిలించింది. “అమ్మా, నాకు కొలువొచ్చినంక అడుగుతవా, పిల్లలు పుట్టినంక అడుగుతవా?” అంది. రెండు వేల పన్నెండు డిసెంబరులో, వరి కోతలయ్యాక, మంగవ్వ, హనుమాండ్లు నాగిరెడ్డిపేట బస్సెక్కారు. ప్లేయరు దుప్పట్లో చుట్టి అతని ఒళ్లో ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా మంగవ్వ కూడా దాని మీద చెయ్యి వేసి పట్టుకునేది.

నర్సవ్వ కుక్కలను వదల్లేదు. కల్లంలో వడ్లు ఎత్తిస్తున్న మనిషి, వచ్చిన పని విని చాలాసేపు ఇద్దరి ముఖాలు చూసింది. “మా ఆయన ప్లేట్లు కొనెటందుకు ఎంతోమంది వచ్చిన్రు. వినెటందుకు ఎవలూ రాలే” అని కొంగుకు కట్టిన తాళం విప్పింది.

తాళం తీసిన అర్రలో పాత సామాను వెనక చెక్కపెట్టె. అందులో ‘గొడుగు కింద గోపాలం’ రెండు ప్లేట్లూ అట్ట నలగకుండా ఉన్నాయి. అట్ట మీద గోపాలాన్ని మంగవ్వ మొదటిసారి చూసింది. తాననుకున్నంత బక్కగా లేడు. రాజ్యం మాత్రం అచ్చం అనుకున్నట్టే ఉంది, గొడుగు కర్రలా పట్టుకుని.

వసారాలో ప్లేయరు పెట్టారు. నర్సవ్వ పీట వేసుకుంది. కూలీలు పారలు, గోతాలు పక్కన పెట్టి మెట్ల మీద కూర్చున్నారు. హనుమాండ్లు ముల్లు దించాడు.

వచ్చినామె గోపాలం మేనత్త కూతురు. ఆమె నోట గోపాలం అబద్ధం బయటపడేసరికి ఇంటాయన అతన్ని దొంగ అని మెడబట్టి గెంటాడు. అక్కడి నుంచి రాజ్యం ఏడవడం మొదలుపెట్టింది. నడిబజారులో మగవాణ్ణి నిలబెట్టి కడిగిన రాజ్యం తండ్రి కాళ్ల మీద పడింది, దేవుడి ముందు పడింది, గోపాలం కాళ్ల మీద కూడా పడింది. ఆ ప్లేటంతా వెతికితే ఆమెకు పది మాటలు లేవు. చివర ఇంటాయన మనసు కరిగింది, సన్నాయి మోగింది, పాటతో కథ ముగిసింది.

పాట మాత్రం బాగుంది. కూలీలు చప్పట్లు కొట్టారు. మంగవ్వ కొట్టలేదు.

“రాజ్యం ఎటు పోయింది?” అంది.

“గదేంది, పెండ్లయింది గదా” అన్నాడు ఒకతను.

“గా రాజ్యం గాదు. మొదటి ప్లేటుల ఉన్న రాజ్యం.”

నర్సవ్వ ఆమె వైపు తిరిగింది. “మా ఆయనతోని నేను గిదే అన్న బిడ్డా. రెండో సగంల ఆడదానికి మాట ఉండది, గది గట్లనే అన్నడు. నేను మల్ల వినలే.” ప్లేయరు వైపు చూపించి, “ప్లేటు కావాల్నంటే తీసుకపో” అంది.

మంగవ్వ చేతిలోకి తీసుకుని చూసి, జాగ్రత్తగా అట్టలో పెట్టి తిరిగి ఇచ్చేసింది. “వద్దవ్వా. విన్న. చాలు.”

తిరుగు బస్సులో పోచారం నీళ్లు కిటికీకి ఒక పక్కన మెరుస్తూ వచ్చాయి. మంగవ్వ ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. ఏదో బరువు దిగినట్టే ఉంది. ఇన్నాళ్లూ తాను చెప్పిన ముగింపు తప్పేమోనని లోపల ఎక్కడో జంకుండేది. ఇప్పుడు అది పోయింది.

“మరి నీ కథల ఏమైతది?” అన్నాడు హనుమాండ్లు. “సభల మొదటి సగమే చెప్పినవు.”

“వచ్చినామె ఎవలో. ఇంకొక గోపాలాన్ని వెతుక్కుంట వచ్చింది, ఇల్లు తప్పింది. రాజ్యం ఆమెకు అన్నం పెట్టి, మంచిగ మాట్లాడి, ఇంకో గల్లీకి తోలిచ్చింది. గప్పటిదాంక గోపాలం మేడ మీద వణుక్కుంట కూసున్నడు. రాజ్యం మెట్ల కాడ నిలబడి అంటది: నీకు పెండ్లి గాలేదని నాకు మొదటి వారమే తెల్సు. నేను ఎక్కడికీ రాను. నువ్వు ఎక్కడికీ పోకు. పై అర్రల నుంచి కింది అర్రలకు దిగు, అంతే.”

“దిగుతడా?”

“దిగక ఏం జేస్తడు, బయట వాన.”

హనుమాండ్లు నవ్వాడు. ఎల్లారెడ్డి బస్టాండు వచ్చింది. అక్కడ దిగి, ఆమె లింగంపేట బస్సు కోసం నిలబడింది. అతను దుప్పటి మూట కింద పెట్టి, నేల చూపులు చూస్తూ అన్నాడు: “ఎల్లారెడ్డి నుంచి లింగంపేటకు వచ్చుడు గూడ దిగుడే అయితదా?”

మంగవ్వకు వెంటనే అర్థమయింది. అర్థం కానట్టు నిలబడటానికి ఆమె వయసు ఒప్పుకోలేదు. “బస్సొచ్చింది” అని ఎక్కేసింది.

మూడు నెలలు అతను లింగంపేట వైపు రాలేదు. అరుగు మీద మంగవ్వ కథ చెబుతుంటే మధ్యలో మాట మరిచిపోయేది. నాగవ్వ అందించేది. భర్త అన్న పోచయ్య, చెవిన ఏదో పడి, ఇంటికి వచ్చి కూర్చున్నాడు. “బిడ్డ పెండ్లీడుకొచ్చింది. ఈ వయసుల నీకు మారుమనువేంది?” అన్నాడు.

మంగవ్వ చాయ్ ఇచ్చి, నిదానంగా చెప్పింది. “బావా, నువ్వు పెద్దోనివి. నీ తమ్ముని పేరు నేను చెడగొట్టలే. పన్నెండేండ్లు ఒక్కదాన్నే ఉన్న. ఇంక ఉండలేనని గాదు. ఉండబుద్ధయితలేదు.”

పోచయ్య చాయ్ తాగి లేచాడు. గడప దాటుతూ, “ఆ పిల్లనడుగు” అన్నాడు.

పిల్లను అడిగితే ఆశ్రిత ఫోన్లో నవ్వింది. “నేను సెలవులకు వస్తే నన్నేమని పిలుస్తడో అడుగు” అంది మెల్లగా.

శివరాత్రి దాటిన మొదటి అంగడి రోజు మంగవ్వ ఎల్లారెడ్డి వెళ్లింది. హనుమాండ్లు దుకాణం ముందు నిలబడి, లోపలికి వెళ్లకుండానే అంది: “మా ఇంట్ల ఇంకొక అర్ర ఖాళీగున్నది. మైకు సామానంత పడ్తది. కరెంటు గూడ మంచిగుంటది. ఆశ్రితను బిడ్డా అనే పిలువాలె.”

అతను చేతిలోని వైరు కింద పెట్టడం మరిచిపోయి అలాగే తలూపాడు.

ఆ ఉగాది తరువాత పెళ్లయింది. పోచయ్య ఆలస్యంగా వచ్చాడు గానీ వచ్చాడు. అంతకుముందు లింగంపేటలో మగవాడు సామాను సర్దుకుని ఆడదాని ఇంటికి కాపురానికి రావడం తక్కువ. నాలుగు రోజులు నవ్వుకున్నారు. తరువాత ఆ అరుగు మీద నిజమైన హారన్ లోంచి గోపాలం గొంతు వినబడేసరికి నవ్వేవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

ఆలోచన హనుమాండ్లుది. మొదటి సగం ప్లేటు చెబుతుంది, రెండో సగం మంగవ్వ చెబుతుంది. మొదట సంఘం సభల్లో, తరువాత సీమంతాలకు, పెళ్లిళ్లకు. డీజే వాళ్లు భోజనానికి ఆపిన గంటలో వీళ్లు పెట్టుకునేవారు. ప్లేటు ఆగగానే మంగవ్వ మైకు అందుకునేది. గీత దగ్గర ఇప్పుడు ప్లేటును హనుమాండ్లే తట్టేవాడు. ఆశ్రిత డిగ్రీ పాసై కామారెడ్డిలోనే బీయీడీలో చేరింది. సెలవుల్లో వచ్చి, “రాజ్యానికి ఒక ఉద్యోగం గూడ ఇప్పియ్యరాదే” అంటే, మంగవ్వ రాజ్యాన్ని పోస్టాఫీసులో పెట్టింది.

రెండు వేల పద్నాలుగు వేసవిలో లింగంపేట అవతలి తండా నుంచి సక్రు వచ్చాడు. చెరుకు కోతలకు వెళ్లినవాళ్లంతా తిరిగి వచ్చారు, కొడుకు పెళ్లి, మైకు కావాలన్నాడు. సాయంత్రం పూట ఆటోలో సామాను వేసుకుని వెళ్లారు. ప్లేటు వేశారు. కుర్రకారు నవ్వుతున్నారు గానీ ముందు వరసలో అద్దాల రైకల ముసలమ్మలు కదలకుండా కూర్చున్నారు. వాళ్లకు తెలుగు అంతంతమాత్రం, అందులో ఆ ‘అండీ’ల తెలుగు అసలే పట్టలేదు.

మంగవ్వకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇంతలో సక్రు భార్య సోమ్లి పక్కకు వచ్చి నిలబడింది. “నువ్వు చెప్పు అక్కా. ఆగి ఆగి చెప్పు. నేను మా మాటల చెప్త” అంది.

హనుమాండ్లు ముల్లు ఎత్తేశాడు. ఆ రోజు మొదటి సగం కూడా మంగవ్వే చెప్పింది. ఒక మాట ఆమె అంటే, ఇంకో మాట సోమ్లి అనేది. నవ్వు రెండుసార్లు వచ్చేది, ముందు కుర్రవాళ్లది, కాసేపటికి ముసలమ్మలది. రెండో నవ్వే పెద్దది. సోమ్లి ఏదో కలుపుతోందని మంగవ్వకు అనుమానం వచ్చి, “ఏమంటున్నవే?” అని మైకు పక్కకు తిప్పి అడిగింది.

“గోపాలం ఉత్తగ ఎందుకు కూసోవాలె? వచ్చినామెకు రొట్టెలు చెయ్యిమన్న” అంది సోమ్లి.

మంగవ్వ ఒక్క క్షణం ఆలోచించి, బాగుందన్నట్టు తలూపి, తరువాతి మాట అందుకుంది.